ఔషధ కానబినాయిడ్లు: శరీరానికి అందించే పద్ధతుల చరిత్ర

గంజాయి మొక్కలో ఉండే టిహెచ్‌సి, సిబిడి వంటి రసాయనాలను కానబినాయిడ్లు అంటారు. కీమోథెరపీ తెచ్చే వాంతులకు, మల్టిపుల్ స్క్లిరోసిస్‌లో కండరాల బిగుతుకు, కొన్ని అరుదైన మూర్ఛలకు ఇవి మందులుగా వాడుకలో ఉన్నాయి. ఇవి నీటిలో దాదాపు కరగవు; నూనెలో, నేతిలో కరుగుతాయి. మింగినప్పుడు చాలా భాగాన్ని కాలేయమే మార్చేస్తుంది. రక్తంలోకి చేరేది కొంతే, అదీ మనిషి మనిషికీ మారుతుంది. ఎంత మందు, ఎంతసేపట్లో పనిచేస్తుందో చెప్పగలిగిన నాడే ఈ మొక్క నమ్మదగిన మందైంది. అందుకే దీని చరిత్ర ప్రధానంగా మోతాదు చరిత్ర.

ఆయుర్వేదం దీన్ని ‘విజయ’ పేరుతో ఎరుగును. ఆకును కడిగి, ఆరబెట్టి, నేతిలో వేయించి శుద్ధి చేశాకే వాడే పద్ధతి ఉంది. ఆధునిక వైద్యంలోకి దీన్ని తెచ్చినవాడు కలకత్తా మెడికల్ కాలేజీ ఆచార్యుడు విలియం ఒషానెస్సీ. ముందు జంతువుల మీద పరీక్షించి, 1839లో తన ఫలితాలు ప్రకటించాడు. కీళ్లవాతం ఉన్న ముగ్గురికి ఒకే మోతాదు బంక ఇస్తే ఒకరు వాగుతూ, పాడుతూ ఇంకా అన్నం పెట్టమన్నారు. తర్వాత ఆ మనిషి చెయ్యే ఎత్తి వదిలితే ఎత్తినచోటే ఉండిపోయింది. గంజాయి పీల్చే అలవాటున్న మూడో మనిషికి ఏమీ కాలేదు. తర్వాతి వందేళ్ల కష్టమంతా ఆ వార్డులోనే కనిపిస్తుంది. సారాలో కరిగించిన టింక్చరు యూరపు దాకా వెళ్లింది గానీ, ఒక సీసా బలం మరో సీసాకు ఉండేది కాదు. నీటిలో కరిగే మార్ఫిన్‌ను సూదితో ఎక్కించగలిగారు, దీన్ని ఎక్కించలేకపోయారు. 1942లో అమెరికా అధికారిక మందుల గ్రంథం ఫార్మకోపియా దీన్ని తొలగించింది.

1964లో ఇజ్రాయెల్‌లో గావోని, మెషూలమ్ టిహెచ్‌సిని శుద్ధంగా వేరుచేసి, దాని నిర్మాణాన్ని తేల్చాక కొలత సాధ్యమైంది. 1985లో అమెరికా అనుమతించిన డ్రోనాబినాల్ అనే టిహెచ్‌సి మందును నువ్వుల నూనెలో కరిగించి గొట్టంమాత్రగా ఇచ్చారు. 2005లో కెనడా అనుమతించిన సాటివెక్స్ నోట్లో కొట్టుకునే స్ప్రే. ఒక్కో స్ప్రేలో 2.7 మిల్లీగ్రాముల టిహెచ్‌సి, 2.5 మిల్లీగ్రాముల సిబిడి. 2018లో వచ్చిన ఎపిడియోలెక్స్ శుద్ధ సిబిడి ద్రావణం, సిరంజితో కొలిచి తాగిస్తారు. పీల్చే పద్ధతి నిమిషాల్లో పనిచేస్తుంది. కానీ 2019లో అమెరికాలో విటమిన్ ఇ అసిటేట్ కలిపిన వేపింగ్ నూనెలు ఎందరి ఊపిరితిత్తులనో దెబ్బతీశాయి. వేగం ఒక్కటే భద్రతను ఇవ్వదని అది రుజువు చేసింది.

తరతరాలుగా వాడిన ఆకుకు ఇంత హంగు ఎందుకని కొందరంటారు. ఆకును నేతిలో శుద్ధి చేయమన్న సంప్రదాయమే దానికి జవాబు. జాగ్రత్త ఆనాడే ఉంది, కొలిచే సాధనమే లేదు. మందుకు దారిస్తే మత్తుకూ దారిచ్చినట్టేనన్నది బరువైన ఆక్షేపణ. విశాఖ మన్యంలో 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో గంజాయి తోటలు నరికించాల్సి వచ్చిన రాష్ట్రం మనది, ఆ భయం నిరాధారం కాదు. అయితే కొలిచిన ద్రావణం, లెక్క ఉన్న సీసా, వైద్యుడి చీటీ ఉన్నచోట మందుకూ మత్తుకూ మధ్య గీత స్పష్టమవుతుంది. ఆకు మీదే ఆధారపడితే ఆ గీత చెరిగిపోతుంది. మత్తుమందులను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కూడా వైద్య, శాస్త్రీయ అవసరాలకు చోటు ఉంచింది.

హైదరాబాదు సంస్థ డాక్టర్ రెడ్డీస్ 2022లో జర్మనీలోని ఔషధ గంజాయి సంస్థ నింబస్ హెల్త్‌ను కొన్నది. తెలుగు పెట్టుబడి అక్కడి రోగి దాకా వెళ్లగలిగినప్పుడు, అనంతపురం జిల్లా వజ్రకరూరు లాంటి మండలంలో మూర్ఛతో బాధపడే బిడ్డకు ఏ రూపంలో మందు కావాలో కూడా ఆలోచించాలి. మూర్ఛ మందు కాకపోయినా, నిల్వ కష్టానికి సాటివెక్సే ఉదాహరణ: తెరవని సీసాను ఫ్రిజ్‌లో ఉంచాలి. ఆ మెట్టలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కొవ్వు బాగా ఉన్న భోజనంతో తీసుకుంటే రక్తంలోకి చేరే సిబిడి దాదాపు నాలుగు రెట్లవుతుంది. రాగిసంగటి తిన్ననాడూ, పండగనాడు నేతి ఓళిగలు తిన్ననాడూ ఒకే మోతాదు ఒకేలా పనిచేయదు. వాల్‌ప్రోయేట్ అనే మరో మూర్ఛ మందుతో కలిపి ఇస్తే కాలేయ పరీక్షలు తప్పనిసరి. కాబట్టి ఎండకు చెడని, తిండిని బట్టి మారని, మండల ఆసుపత్రిలో రక్తపరీక్షతో గమనించగల రూపమే ఇక్కడ సురక్షితం. ప్రయోగశాలలో నెగ్గిన మందు ఈ మూడు పరీక్షల్లోనూ నెగ్గాలి.