పైకప్పు దింపిన నాటి ధూళి

అమెరికాలో ఇంటి పైకప్పు మార్చదలచినవారు పనివారిని కుదుర్చుకున్న తరువాత ఒక పెద్ద ఇనుప తొట్టిని అద్దెకు తెచ్చి వాకిట నిలుపుకుంటారు. దానిని అక్కడ డంప్‌స్టర్ అంటారు. పాత కప్పు పలకలు, మేకులు, కుళ్లిన చెక్కలు అన్నీ అందులో పడతాయి. పని ముగియగానే లారీ వచ్చి తొట్టిని అలాగే ఎత్తుకుపోతుంది. అక్కడ స్థిరపడిన పిల్లల వద్దకు వెళ్లివచ్చిన మన పాఠకులలో చాలామంది దీనిని చూసే ఉంటారు. అయితే తొట్టి చెత్తను మోసుకుపోగలదు గాని, కప్పు పగిలినప్పుడు లేచిన ధూళిని మోసుకుపోలేదు. ఈ సత్యాన్ని గ్రహించడానికి వైద్యులకూ ప్రభుత్వాలకూ అర్ధ శతాబ్దం పట్టింది.

ఈ తొట్టి పుట్టినది టెనెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్ నగరంలో. 1930లలో జార్జ్ డెంప్‌స్టర్ అనే వ్యాపారి, నిండిన తొట్టిని లారీయే స్వయంగా ఎత్తి కుమ్మరించే యంత్రాన్ని రూపొందించాడు. అతని ఇంటిపేరు, కుమ్మరించడమనే అర్థమున్న ‘డంప్’ అనే మాట కలిసి డంప్‌స్టర్ అయింది. అంతకుముందు వ్యర్థాలను కూలీలు పారలతో బండికి ఎత్తి, మరల దింపవలసి వచ్చేది. ఆ శ్రమ తప్పింది.

అప్పటికే పైకప్పుల స్వభావం మారిపోయింది. ఆస్ట్రియాకు చెందిన లుడ్విగ్ హాట్షెక్ సిమెంటులో ఆస్‌బెస్టాస్‌ను, అనగా రాతినారను, కలిపి పలుచని పలకలు చేసే పద్ధతికి 1901లో పేటెంటు పొందాడు. నిప్పుకు కాలదు, నీటికి చివకదు, ధర తక్కువ. ప్రపంచమంతా దానిని ఆదరించింది. అమెరికాలో ఈ పలకల తయారీకి పేరొందిన ఊళ్లలో పెన్సిల్వేనియాలోని ఆంబ్లర్ ఒకటి. ఆ సంస్థ భాగస్వాములలో ఒకరైన రిచర్డ్ మాటిసన్ వైద్యపట్టా పొందిన వ్యక్తి! ఆ కర్మాగార వ్యర్థాలు ఊరి పక్కనే తెల్లని గుట్టలుగా పేరుకుపోయాయి. 1980లలో అమెరికా ప్రభుత్వం వాటిని అత్యంత కలుషిత స్థలాల జాబితాలో చేర్చి, మట్టితో కప్పించవలసి వచ్చింది.

ఇక వైద్యచరిత్ర చూద్దాం. ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో రాతినార వడికే కర్మాగారంలో పనిచేసిన నెల్లీ కెర్షా 1924లో, తన 33వ యేట, ఊపిరితిత్తులు గట్టిపడి మరణించింది. పాథాలజిస్టు డబ్ల్యు. ఇ. కుక్ ఆమె ఊపిరితిత్తులలో ఖనిజపు నలుసులను చూసి, అదే సంవత్సరం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించాడు. 1927లో ఆ వ్యాధికి ‘ఆస్‌బెస్టోసిస్’ అని పేరు పెట్టాడు. 1930లో మెరివెదర్, ప్రైస్ అనే ప్రభుత్వాధికారులు 363 మంది కార్మికులను పరీక్షించి, వారిలో నాలుగో వంతుకు పైగా ఈ వ్యాధి ఉన్నదని తేల్చారు. ధూళిని పుట్టనీయకుండా చేయడమే మార్గమని సూచించారు. 1931లో బ్రిటన్ నిబంధనలు చేసింది.

కాని ఆ నిబంధనలు కర్మాగారపు గోడల వద్దనే ఆగిపోయాయి. పలకను కోసి కప్పు వేసేవాడు, ముప్పై ఏళ్ల తరువాత దానిని పగులగొట్టి దింపేవాడు, వాటి పరిధిలోకి రాలేదు. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్ బృందం 33 మెసోథీలియోమా కేసులను ప్రచురించింది. ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే ఈ క్యాన్సరు సోకినవారిలో గనుల్లో ఎన్నడూ పనిచేయక, ఆ సమీపంలో నివసించినవారు కూడ ఉన్నారు. 1964లో న్యూయార్కు వైద్యుడు ఇర్వింగ్ సెలికాఫ్, భవన నిర్మాణంలో రాతినార తొడుగులు వేసే కార్మికులు పెద్దసంఖ్యలో క్యాన్సరు పాలవుతున్నారని నిరూపించాడు. ధూళి పీల్చిన నాటికీ వ్యాధి బయటపడే నాటికీ నడుమ ఇరవై నుండి నలభై యేళ్లు గడుస్తాయి గనుక, కారణం మరుగున పడిపోయేది.

1973లో అమెరికా కూల్చివేతలకు నిబంధన తెచ్చింది. రాతినార ఉన్న భాగాలను ముందుగా తడపాలి, గాలి చొరని సంచులలో మూసి హెచ్చరిక అతికించాలి, అనుమతి ఉన్న స్థలంలోనే పూడ్చాలి. అందుకే అద్దె తొట్టెలవారు మామూలు తొట్టిలో రాతినార పలకలను వేయనీయరు. అయినను నాలుగు కుటుంబాలకు మించని చిన్న ఇళ్లకు ఆ కేంద్ర నిబంధన నుండి సాధారణంగా మినహాయింపు ఉంది. రక్షణ అంతా స్థానిక చట్టాల మీద, ఇంటి యజమాని వివేకం మీద ఆధారపడుతుంది.

మన నేలకూ ఈ చరిత్రతో సంబంధమున్నది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో రాతినార గనులు నడిచాయి. హైదరాబాదులో 1940ల చివరినుండి సిమెంటు రేకులు తయారయ్యాయి. 1986లో కేంద్రం గనులకు కొత్త అనుమతులు ఆపినా, దిగుమతి చేసుకున్న ముడిసరుకుతో రేకుల తయారీ కొనసాగింది. 1995లో సుప్రీంకోర్టు కార్మికుని ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పి, రాతినార కార్మికుల ఆరోగ్య వివరాలను 40 సంవత్సరాలు భద్రపరచాలని ఆదేశించింది. వ్యాధి ఎంత నెమ్మదిగా వస్తుందో ఆ ఆదేశమే చెబుతున్నది.

రేకుల ఇంట్లో ఉన్నవారు భయపడనక్కరలేదు. పగలని రేకులో నార సిమెంటులో బంధింపబడి ఉంటుంది. ప్రమాదం దానిని కోసిననాడు, రుద్దిననాడు, పైనుండి కిందికి విసిరిననాడు. కనుక పాత రేకులు దింపేటప్పుడు ఈ జాగ్రత్తలు పాటించండి:

రేకులను ముందుగా నీటితో బాగా తడపండి. మరలు విప్పి, పూర్తి రేకుగానే కిందికి దించండి. ముక్కలను పొడిచీపురుతో ఊడ్వక, తడిగుడ్డతో తీసి, మందపాటి పాలిథిన్‌లో చుట్టండి. పిల్లలను దూరంగా ఉంచండి. ముఖానికి తుండుగుడ్డ కట్టుకోవడం చాలదు. సన్నని ధూళిని ఆపగల మాస్కు కావాలి. పనివారి బట్టలను ఇంట్లో దులపరాదు. పొగతాగే కార్మికునికి రాతినార వలన ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. ఆ మాట అతనికి విడమరచి చెప్పండి. పగిలిన ముక్కలను దారి గుంతలు పూడ్చడానికి వాడవద్దు. బండి చక్రాల కింద అవి మరల ధూళి అవుతాయి.

కప్పు మార్చే ఖర్చు లెక్కించేటప్పుడు, పాతదానిని క్షేమంగా దింపే ఖర్చును కూడ అందులో చేర్చండి. ఆ పొదుపు మూల్యాన్ని చెల్లించేది ఇంటి యజమాని కాకపోవచ్చు. ఆ రోజు రేకులు మోసిన కూలీ, ముప్పై ఏళ్ల తరువాత.