ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్

ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, వాడుకలో టీఎన్‌ఎఫ్, రోగనిరోధక కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే సైటోకైన్ ప్రొటీన్లలో ఒకటి. పేరుకు అర్థం కణితిని చంపే పదార్థం. ఆ పేరును నమ్ముకుంటే దారి తప్పుతాం. క్రిములు చొరబడిన చోట వాపు పుట్టించి, తెల్ల రక్తకణాలను అక్కడికి పోగుచెయ్యడం దీని అసలు వృత్తి. దీన్ని క్యాన్సర్ మందుగా మార్చాలనుకున్నవాళ్లకు చాలావరకు నిరాశే మిగిలింది. దీన్ని అడ్డుకోవాలనుకున్నవాళ్లకు కీళ్లవాతం మందు దొరికింది.

కథ న్యూయార్క్‌లో మొదలైంది. సర్జన్ విలియం కోలీ పాత కేసు కాగితాలు తిరగేస్తుంటే ఒక వింత కనిపించింది. కణితి ఉన్న రోగికి ఎరిసిపెలాస్ అనే చర్మపు ఇన్‌ఫెక్షన్ సోకింది. అది తగ్గేసరికి కణితీ మాయమైంది. 1891 నుంచి కోలీ తానే బ్యాక్టీరియాను రోగులకు ఎక్కించడం మొదలుపెట్టాడు, తర్వాత చంపిన బ్యాక్టీరియా మిశ్రమానికి మారాడు. కొందరికి నయమైంది, చాలామందికి కాలేదు. 1975లో ఎలిజబెత్ కార్స్‌వెల్, లాయిడ్ ఓల్డ్ బృందం ఎలుకలకు ముందు బీసీజీ టీకా, ఆపైన బ్యాక్టీరియా నుంచి తీసిన ఎండోటాక్సిన్ ఇచ్చింది. వాటి సీరాన్ని కణితులున్న వేరే ఎలుకలకు ఎక్కిస్తే ఆ కణితులు లోపల రక్తం చిమ్మి చచ్చుబడ్డాయి. పేరు అప్పుడు పెట్టిందే.

రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఆంథొనీ సెరామీ, బ్రూస్ బ్యూట్లర్ వేరే ప్రశ్న పట్టుకున్నారు. ట్రిపనోసోమా పరాన్నజీవి సోకిన పశువులు, ఒంట్లో క్రిములు కొద్దిగానే ఉన్నా, చిక్కి శల్యమైపోతాయెందుకు? కారణమైన ప్రొటీన్‌కు కాకెక్టిన్ అని పేరుపెట్టారు. 1985లో తేలిందేమంటే, కాకెక్టిన్, టీఎన్‌ఎఫ్ ఒకటే. కణితిని చంపేదీ, ఒంటిని పీల్చి పిప్పిచేసేదీ వేరువేరు కావన్నమాట.

టీఎన్‌ఎఫ్‌ను ఎక్కువగా మాక్రోఫేజ్ కణాలు తయారుచేస్తాయి. మొదట ఇది కణం పైపొరను అంటిపెట్టుకుని ఉంటుంది. ఒక ఎంజైమ్ దాన్ని కత్తిరిస్తే విడివడి రక్తంలో కలుస్తుంది. మూడు ప్రొటీన్ పోగులు కలిసి ఒక గుత్తిగా పనిచేస్తాయి. ఆ గుత్తి మరో కణం మీది రిసెప్టర్‌కు తగిలితే లోపల రెండు దారులు తెరుచుకుంటాయి. ఒకటి ఎన్‌ఎఫ్-కప్పాబి అనే స్విచ్ వేసి, కణాన్ని బతికించి, వాపు పెంచే జన్యువులను లేపుతుంది. రెండోది కణాన్ని చావుకు పంపుతుంది. మామూలుగా మొదటిదే గెలుస్తుంది. ఎలుకల్లో కణితులు చచ్చిపోవడానికి కూడా ముఖ్యకారణం వాటి రక్తనాళాలు దెబ్బతినడమే.

కీళ్లవాతం ఉన్న మనిషికి పొద్దున లేవగానే పిడికిలి బిగియదు. కుక్కర్ మూత తిప్పలేరు, జాకెట్టు హుక్కులు పెట్టుకోలేరు. గంట గడిచినా వేళ్ల బిగువు వదలదు. కీలు లోపలి పొరలో తిష్ఠవేసిన కణాలు అక్కడ ఎన్నో సైటోకైన్లను కుమ్మరిస్తుంటాయి. ఇన్నింటిలో ఒక్కదాన్ని ఆపితే ఏం లాభమన్నది 1980ల నాటి సందేహం. లండన్ కెనడీ ఇన్‌స్టిట్యూట్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, లూధియానాలో పుట్టిన రవీందర్ మైనీ రోగుల కీళ్ల కణాలను ప్రయోగశాలలో పెంచి చూశారు. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకుంటే ఇంటర్‌ల్యూకిన్-1 వంటి మిగతావీ తగ్గాయి. 1992లో 20 మంది రోగులకు టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు ఇస్తే నొప్పులు, వాపులు త్వరగా దిగాయి. 1998లో అమెరికాలో ఇదే మందు క్రోన్స్ పేగువ్యాధికి, టీఎన్‌ఎఫ్‌నే అడ్డుకునే ఎటనర్‌సెప్ట్ కీళ్లవాతానికి అనుమతి పొందాయి. అదే కోవకు చెందిన అడాలిముమాబ్ తర్వాత వచ్చింది. దానిని పోలిన మందును, అంటే బయోసిమిలర్‌ను, 2014లో అహ్మదాబాద్‌కు చెందిన జైడస్ క్యాడిలా భారత్‌లో విడుదల చేసింది.

ఈ ఇంజెక్షన్లకు తోడుగా తరచూ మెథోట్రెక్సేట్ ఇస్తారు, వారానికి ఒక్కరోజే. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన పరిశోధన నుంచి వచ్చిన మందు అది. మొదట క్యాన్సర్ మందు, తక్కువ మోతాదులో కీళ్ల మందైంది. క్యాన్సర్ మందవుతుందనుకున్న టీఎన్‌ఎఫ్ మాత్రం కీళ్లకు శత్రువని తేలింది!

టీఎన్‌ఎఫ్‌ను ఆపడానికి మూల్యం ఉంది. ఊపిరితిత్తుల్లో దాగిన క్షయ క్రిముల చుట్టూ కణాలు గూడు కట్టి వాటిని బంధిస్తాయి. ఆ గూడు చెదరకుండా నిలబెట్టేది టీఎన్‌ఎఫే. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడినవారిలో క్షయ బయటపడిన 70 కేసులు 2001లో ప్రచురితమయ్యాయి. సగానికి పైగా కేసుల్లో జబ్బు ఊపిరితిత్తులు దాటి కనిపించింది. అందుకే క్షయ ఇంకా విస్తారంగా ఉన్న మన దేశంలో మొదటి ఇంజెక్షన్‌కు ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయను పట్టే మాంటూ చర్మపరీక్ష లేదా ఇగ్రా రక్తపరీక్ష తప్పనిసరి అనుకోవాలి. క్రిమి దాగి ఉందని తేలితే ముందు దానికి మందులు మొదలుపెడతారు.

క్యాన్సర్ విషయం ఇంకా తిరకాసు. టీఎన్‌ఎఫ్ జన్యువు తీసేసిన ఎలుకల్లో రసాయనాలతో పుట్టించే చర్మ కణితులు బాగా తక్కువగా వచ్చాయని 1999లో ఫ్రాన్సిస్ బాల్క్‌విల్ బృందం చూపించింది. ఏళ్ల తరబడి ఆరని వాపులో, కొద్దికొద్దిగా ఊరే టీఎన్‌ఎఫ్ చావవలసిన కణాలకు ఆయువు పోస్తుంది, కొత్త రక్తనాళాలకు దారి వేస్తుంది. అలాగని దీన్ని అడ్డుకునే మందులు క్యాన్సర్‌ను నివారిస్తాయని తేలలేదు. పైగా పిల్లల్లో, కౌమారంలో లింఫోమా అనే క్యాన్సర్ ప్రమాదం గురించి 2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక పెట్టించింది.

టీఎన్‌ఎఫ్‌ను పెద్ద మోతాదులో రక్తంలోకి ఎక్కిస్తే రక్తపోటు పడిపోయి, మనిషి సెప్టిక్ షాక్ వంటి స్థితిలోకి జారతాడు. అందుకే మందుగా దీనికి మిగిలిన చోటు ఒక్కటే: కాలు లేదా చెయ్యి తీసేయక తప్పదనిపించే మెత్తని కణజాల సార్కోమా అనే క్యాన్సర్. యూరప్‌లో 1999 నుంచి దీనికి అనుమతి ఉంది. ఆ అవయవానికి టోర్నికే బిగించి, దాని రక్తప్రసరణను ఒంటి నుంచి వేరుచేసి యంత్రానికి కలుపుతారు. కాస్త వేడిచేసిన ద్రవంలో టీఎన్‌ఎఫ్‌ను, మెల్ఫలాన్ అనే క్యాన్సర్ మందును గంటకు పైగా తిప్పుతారు. కట్టు విప్పేముందు మందు చుక్క మిగలకుండా నాళాలను కడుగుతారు.