ఐరిష్ వలసదారుల వంశ పరిశోధన

ఐరిష్ వలసదారుల వంశ పరిశోధన అనగా ఐర్లండు నుండి ఇతర దేశాలకు వెళ్ళి స్థిరపడిన పూర్వీకుల పుట్టిన ఊరును, తల్లిదండ్రులను, బంధువర్గాన్ని పాత దస్తావేజుల ద్వారా కనుగొనే ప్రయత్నం. అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, బ్రిటన్ దేశాలలో ఐరిష్ సంతతి వారు కోట్ల సంఖ్యలో ఉన్నారు. వీరిలో చాలామందికి తమ పూర్వీకుడు ఐర్లండు నుండి వచ్చాడన్న మాట తప్ప మరే వివరమూ తెలియదు. 19వ శతాబ్దపు ఐరిష్ జనాభా లెక్కలు దాదాపు పూర్తిగా నశించినందున ఈ పరిశోధన ఏదో ఒక పత్రంతో తేలదు. మిగిలిన పత్రాలను ఒకదానితో ఒకటి సరిపోల్చి చూడవలసి ఉంటుంది. అదే పేరు గల వేరొకరిని పూర్వీకుడుగా పొరబడడం ఇందులో ఎదురయ్యే ప్రధాన ప్రమాదం.

నేపథ్యం

ఐర్లండు నుండి వలసలు 18వ శతాబ్దంలోనే ఉన్నా, 1845–1852 మధ్య వచ్చిన మహాక్షామం వాటిని ఉప్పెనగా మార్చింది. పేదల ప్రధానాహారమైన బంగాళాదుంప పంట తెగులు సోకి కుళ్ళిపోవడంతో సుమారు 10 లక్షల మంది మరణించారు. మరో 10 లక్షలకు పైగా దేశం విడిచి వెళ్ళారు. 1841లో 81,75,124గా ఉన్న జనాభా 1851 నాటికి 65,52,385కు పడిపోయింది. ఇలా వెళ్ళినవారిలో అధికులు కౌలు రైతులు, కూలీలు. వీరిలో చాలామందికి చదువు లేదు, సొంత భూమి లేదు, వీలునామా వ్రాయవలసిన ఆస్తి లేదు. అందువలన పత్రాలలో వీరి ఆనవాళ్ళు మొదటినుండీ తక్కువే.

నశించిన దస్తావేజులు

ఐర్లండులో 1821 నుండి ప్రతి పదేళ్ళకు జనాభా లెక్కలు సేకరించారు. ఈ పత్రాలు వేర్వేరు కారణాలతో పోయాయి.

* 1821, 1831, 1841, 1851: డబ్లిన్ నగరంలోని ఫోర్ కోర్ట్స్ ఆవరణలో ఉన్న ప్రభుత్వ దస్తావేజుల భాండాగారంలో ఉండేవి. అంతర్యుద్ధం మొదటి రోజులలో, 1922 జూన్ 30న జరిగిన పేలుడు, మంటలలో చాలావరకు కాలిపోయాయి. కొన్ని ప్రాంతాల పత్రాలు మాత్రమే మిగిలాయి.
* 1861, 1871: లెక్కలు క్రోడీకరించిన తరువాత ప్రభుత్వ ఉత్తర్వు మేరకు ధ్వంసం చేశారు.
* 1881, 1891: మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కాగితపు గుజ్జుగా మార్చారు.
* 1901, 1911: పూర్తిగా లభిస్తున్నాయి. వీటిని ఐర్లండు జాతీయ దస్తావేజుల సంస్థ అంతర్జాలంలో ఉచితంగా ఉంచింది.

1921లో స్వాతంత్ర్య యుద్ధం కారణంగా జనాభా లెక్కలు జరగలేదు. తరువాతి లెక్కలు 1926 ఏప్రిల్‌లో జరిగాయి.

ఐరిష్ దస్తావేజులన్నీ 1922లోనే కాలిపోయాయన్న అభిప్రాయం సరికాదు. కాథలిక్ చర్చి రిజిస్టర్లు, జనన మరణ నమోదు పుస్తకాలు ఆ భవనంలో లేవు. అక్కడ భద్రపరచిన చర్చ్ ఆఫ్ ఐర్లండ్ రిజిస్టర్లు, వీలునామాలు మాత్రం పెద్ద సంఖ్యలో నశించాయి. ఇతర గ్రంథాలయాలలో మిగిలిన నకళ్ళను సేకరించి, పోయిన భాండాగారాన్ని డిజిటల్ రూపంలో పునర్నిర్మించే ప్రయత్నం డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాల ఆధ్వర్యంలో సాగింది. దాని ఫలితాన్ని 2022 జూన్‌లో ప్రజలకు అందుబాటులోకి తెచ్చారు.

మిగిలిన ఆధారాలు

జనన, మరణ, వివాహ నమోదు: కాథలిక్కేతర వివాహాల నమోదు 1845లో మొదలైంది. అందరి జనన, మరణ, వివాహాల నమోదు 1864 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. క్షామకాలంలో వెళ్ళిపోయిన వారి జననాలు సహజంగానే ఇందులో ఉండవు. అయితే ఊరిలోనే ఉండిపోయిన తోబుట్టువుల మరణాలు, వారి పిల్లల జననాలు దొరకవచ్చు.

చర్చి రిజిస్టర్లు: కాథలిక్ పారిష్ రిజిస్టర్లలో జ్ఞానస్నానాలు, వివాహాలు నమోదయ్యేవి. వీటి ఛాయాచిత్రాలను ఐర్లండు జాతీయ గ్రంథాలయం 2015 జూలైలో అంతర్జాలంలో ఉంచింది. పేర్లు తరచు లాటిన్ రూపంలో ఉంటాయి. శిశువు జ్ఞానతల్లిదండ్రుల పేర్లు కూడా ఉండడం వలన బంధువర్గాన్ని గుర్తించవచ్చు.

భూమి పత్రాలు: 1820–30 దశకాలలో దశమభాగపు పన్ను కోసం తయారైన పుస్తకాలు, 1847–1864 మధ్య రిచర్డ్ గ్రిఫిత్ పర్యవేక్షణలో జరిగిన ఆస్తుల మదింపు ముఖ్యమైనవి. వీటిలో భూమిని అనుభవిస్తున్న వారి పేర్లే ఉంటాయి. భార్యాపిల్లల వివరాలు ఉండవు.

పింఛను దరఖాస్తులు: 1908లో చేసిన చట్టం ప్రకారం 70 ఏళ్ళు నిండిన వారికి వృద్ధాప్య పింఛను లభించింది. 1864కు ముందు పుట్టినవారికి జనన ధ్రువపత్రం లేనందున, 1841, 1851 లెక్కలలో వారి కుటుంబాన్ని వెదికి వయసు నిర్ధారించేవారు. అసలు పత్రాలు తరువాత కాలిపోయినా, ఈ వెదుకులాట ఫారాలు మిగిలాయి. పేదవారి పింఛను కోసం వ్రాసిన ఈ కాగితాలే నేడు అనేక కుటుంబాలకు ఏకైక సాక్ష్యం.

పుట్టిన ఊరు

ఐర్లండులో 32 కౌంటీలు, వాటిలో 60,000కు పైగా టౌన్‌ల్యాండ్‌లు ఉన్నాయి. టౌన్‌ల్యాండ్ అనగా పారిష్ కన్నా చిన్నదైన భూవిభాగం. పారిష్ గాని, టౌన్‌ల్యాండ్ గాని తెలియనిదే ఐరిష్ పత్రాలలో వెదకడం కష్టం. కాబట్టి పరిశోధనను ఐర్లండులో గాక, వలస వెళ్ళిన దేశంలో మొదలుపెట్టాలి.

అమెరికాకు వచ్చే ఓడల ప్రయాణికుల జాబితాలు 1820 నుండి ఉన్నాయి. వాటిలో పేరు, వయసు, వృత్తి ఉన్నా, చాలాకాలం స్వస్థలంగా దేశం పేరు ఒక్కటే వ్రాసేవారు. 1906కు ముందటి పౌరసత్వ పత్రాలు కూడా సాధారణంగా అంతే. ఊరి పేరు సమాధి ఫలకాలు, మరణవార్తలు, చర్చి వివాహ పత్రాలలో దొరికే అవకాశం ఎక్కువ. బోస్టన్ నగరపు ''పైలట్'' పత్రిక 1831 నుండి 1921 వరకు, జాడ తెలియని బంధువుల కోసం ఐరిష్ వారు ఇచ్చిన ప్రకటనలను ప్రచురించింది. 1850లో ఏర్పడిన న్యూయార్కు ఎమిగ్రెంట్ సేవింగ్స్ బ్యాంకు, ఖాతాదారులను గుర్తుపట్టేందుకు వారి పుట్టిన ఊరు, కుటుంబ వివరాలు అడిగి వ్రాసుకొనేది.

భారతదేశానికి సైనికులుగా వచ్చిన ఐరిష్ వారి జ్ఞానస్నాన, వివాహ, ఖనన వివరాలు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో బెంగాల్, మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీల వారీగా ఉన్నాయి. 1881లో ఏర్పడిన రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ దళంలో ఒక పటాలం మూలాలు మద్రాసులోని కంపెనీ సైన్యంలోనే ఉన్నాయి.

పేర్లు, వయసులు

ఇంటిపేర్ల ముందుండే 'ఓ', 'మాక్' అక్షరాలను కొందరు వదిలివేశారు, వారి సంతానంలో కొందరు తిరిగి చేర్చుకున్నారు. ఒకే వ్యక్తి ఒక పత్రంలో సలివాన్, మరొక పత్రంలో ఓసలివాన్ కావచ్చు. ఎల్లిస్ ద్వీపంలోని అధికారులు పేర్లు మార్చేశారన్న కథ ప్రచారంలో ఉంది గాని, వారు ఓడ బయలుదేరేటప్పుడు తయారైన జాబితాలనే చూసేవారు. వయసులు కూడా అంచనాలే. పింఛను వచ్చిన తరువాత జరిగిన 1911 లెక్కలలో అనేకమంది వృద్ధుల వయసు 1901తో పోలిస్తే పదేళ్ళకు మించి పెరిగింది.

ఆనీ మూర్ ఉదంతం

న్యూయార్కు రేవులోని ఎల్లిస్ ద్వీపంలో వలసదారుల కేంద్రం 1892 జనవరి 1న ప్రారంభమైంది. అక్కడ మొట్టమొదట నమోదైనది కార్క్ కౌంటీకి చెందిన ఆనీ మూర్. ఆమె తన తమ్ముళ్ళు ఆంథనీ, ఫిలిప్‌లతో కలిసి నెవాడా అనే ఓడలో వచ్చింది. టెక్సాస్‌లో స్థిరపడి, 1923లో ప్రమాదంలో మరణించిన స్త్రీయే ఈ ఆనీ మూర్ అని చాలాకాలం నమ్మారు. ఆ స్త్రీ సంతతిని ఉత్సవాలకు ఆహ్వానించి గౌరవించారు.

వంశ పరిశోధకురాలు మేగన్ స్మోలెన్యాక్ జనాభా లెక్కలు పరిశీలించగా, టెక్సాస్ స్త్రీ అమెరికాలోని ఇల్లినాయిలో పుట్టినట్లు తేలింది. తమ్ముడు ఫిలిప్ పత్రాల ఆధారంగా వెదికి, అసలు ఆనీ న్యూయార్కు వదలి వెళ్ళలేదని 2006లో వెల్లడించారు. ఆమె మన్‌హటన్‌లోని పేదల వాడలోనే కాపురం చేసి, పిల్లలలో పలువురిని పసితనంలోనే పోగొట్టుకొని, 1924లో మరణించింది. క్వీన్స్‌లోని కాల్వరీ శ్మశానంలో పేరు లేకుండా ఉన్న ఆమె సమాధికి 2008లో ఫలకం నెలకొల్పారు.

పేరు, దేశం కలిసినంత మాత్రాన ఇద్దరూ ఒకరే కారని ఈ ఉదంతం తెలుపుతుంది. తోబుట్టువులు, ఇరుగుపొరుగు, వివాహ సాక్షులు కూడా సరిపోలినప్పుడే నిర్ణయానికి రావడం పరిశోధకుల పద్ధతి.

ప్రాముఖ్యత

తాత లేదా అవ్వ ఐర్లండు ద్వీపంలో పుట్టినట్లు పత్రాలతో నిరూపించగలిగిన వారు, విదేశీ జననాల రిజిస్టరులో నమోదు ద్వారా ఐరిష్ పౌరసత్వం పొందవచ్చు. అందువలన ఈ పరిశోధనకు చట్టపరమైన ప్రయోజనం కూడా కలదు. డి.ఎన్.ఎ. పరీక్షలు ఇద్దరి మధ్య బంధుత్వాన్ని సూచించగలవు గాని, ఉమ్మడి పూర్వీకుని పేరును, ఊరును చెప్పలేవు. వాటిని పత్రాలలోనే వెదకాలి. కొన్ని కుటుంబాల విషయంలో పత్రాలు అసలే లేవు గనుక పరిశోధన పారిష్ వద్దనో, కౌంటీ వద్దనో ఆగిపోతుంది. అటువంటప్పుడు ఊహతో పూరించక, ఆధారం ఉన్నంతవరకే వంశవృక్షంలో నమోదు చేయడం సరైన పద్ధతి.