వాఘ్‌దేవ్ పొలిమేర

సూరత్ అంటే మనకు చీరలు, వజ్రాలు గుర్తొస్తాయి. నగరం దాటి మాండ్వీ, ఉమర్‌పాడా వైపు వెళ్తే లోకమే వేరు. అక్కడి వసావా, చౌధరీ, గామిత్ గిరిజన కుటుంబాలు తరతరాలుగా పులికి భయపడుతూనే దానికి మొక్కాయి.

ఆ దేవుడు వాఘ్‌దేవ్. పులినీ, సూర్యచంద్రులనూ కొయ్యమీద చెక్కి పొలిమేరలో నిలబెడతారు. దీపావళి ముందు వచ్చే వాఘ్‌బారస్ నాడు పశువులను కాయమని వేడుకుంటారు. మన ఊరి పోతురాజును చూసినవారికి ఇది కొత్తగా తోచదు. దీన్ని మూఢనమ్మకమని తోసిపుచ్చడం అన్యాయం. నాలుగు మేకలే ఆస్తి అయినవాడు అడవితో సంధి చేసుకోక తప్పదు.

కాలక్రమంలో పులి కనుమరుగైంది, చిరుత మిగిలింది. దానికి చెరకు తోట కొత్త నెలవైంది.

1950లలో కాక్రాపార్ ఆనకట్ట, 1972లో ఉకాయి జలాశయం తాపీ నది నీళ్లను పొలాలకు మళ్లించాయి. బార్డోలీ చుట్టూ చెరకు విస్తరించింది. మనిషి కంటే ఎత్తు పెరిగి, నెలల తరబడి కోతలేని ఆ తోట చిరుతకు అడవి లాంటిదే: నీడ, నీరు, పందులు, ఊరకుక్కలు. 1972 వన్యప్రాణి చట్టంతో వేటకు అడ్డుకట్ట పడింది. గుజరాత్‌లో చిరుతల సంఖ్య 2016లో 1,395. 2023 నాటికి 2,274.

ఇప్పుడు రైతుకు దిక్కు గట్టి తలుపున్న పశువుల పాక, రాత్రి దీపం, అటవీ శాఖ బోను. కోతల వేళ చెరకులో చిరుత కూనలు దొరికితే వాటిని అక్కడే ఉంచి, చీకటిపడ్డాక తల్లి వచ్చి నోట కరచుకుపోయేదాకా సిబ్బంది దూరంగా కాపు కాస్తారు.