నగరరైళ్ళ సూక్ష్మనమూనాలు

నగరములలో ప్రయాణికులను జేరవేయు మెట్రో, ట్రాము, లోకలు రైళ్ళను నియతనిష్పత్తిలో కుదించి నిర్మించు ప్రతిరూపములివి. వీనియందు 1:87 నిష్పత్తి గల హెచ్.ఓ. స్కేలు మిక్కిలి ప్రచారము గలది; దాని పట్టాల నడిమి యెడము (గేజి) 16.5 మిల్లీమీటర్లు. ఇంట చోటు చాలనివారు 1:160 నిష్పత్తి గల ఎన్ స్కేలు నాశ్రయింతురు.

తెలుగునాట నీ విద్యకు మిక్కిలి యనుకూలమైన మూలము హైదరాబాదు మెట్రో. 2017 నవంబరు 28న ప్రారంభమైన యీ మార్గమున నడచు, దక్షిణ కొరియాకు చెందిన హ్యుందాయ్ రోటెం సంస్థ నిర్మించిన మూడు పెట్టెల రైలు 1,435 మిల్లీమీటర్ల ప్రామాణిక గేజిది యగుటచే, 87వ వంతునకు కుదించినచో అంగడిలో దొరకు హెచ్.ఓ. పట్టాలపై చక్కగా నిలుచును. 2003లో మొదలైన హైదరాబాదు లోకలు రైలు ఎం.ఎం.టి.ఎస్. విషయము వేరు. దాని 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజికి సుమారు 19.3 మిల్లీమీటర్ల పట్టా కావలెను గనుక, నిర్మాత సొంతముగ పట్టాలు కూర్చుకొనుటయో, పెట్టె క్రింద చక్రములు లోనికి జరిగిన యసత్యమును సహించుటయో తప్పదు. సామాన్య ప్రేక్షకుడు గమనింపడు గనుక రెండవదియే సుకరము.

అసలు మెట్రో 25,000 వోల్టుల విద్యుత్తును పైతీగనుండి పాంటోగ్రాఫు ద్వారా గ్రహించును. నమూనా సాధారణముగ 12 వోల్టులను పట్టాలనుండియే గ్రహించును గావున దాని నెత్తిమీది పాంటోగ్రాఫు కేవలాలంకారము. తెలంగాణలో రైలు లేని బాన్సువాడ, నిజాంసాగరు వంటి ప్రాంతములందలి యభిలాషి ముందుగా హైదరాబాదు చేరి ఛాయాచిత్రములు సేకరించి, దళసరి యట్టతోనో ప్లాస్టిక్ రేకుతోనో పెట్టెను గట్టుట మేలు. నడచు నమూనాలను జూడగోరువారికి పుణేలో 1998లో తెరచిన జోషీ లఘురైల్వే మ్యూజియము గలదు.