దాదా ముహర్, పిల్లల డబ్బా

వేసవి సెలవులకి అద్దంకి వెళ్లినప్పుడు మా ఇంట్లో పాత ఇత్తడి సామాను అటక మీద నుంచి దించారు. సొట్టలు పడ్డ చెంబులు, అడుగు ఊడిన ఉగాల్‌దాన్, మూత లేని పాన్‌దాన్. అన్నీ గోనెసంచిలో వేసి తూకానికి ఇచ్చేద్దామని మా భాభీ ఆలోచన. సంచి మూతి కట్టబోతుంటే నా చిన్న కూతురు నూర్ అందులోంచి బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దదైన ఇత్తడి బిళ్ల ఒకటి తీసింది. పైన పట్టుకోడానికి చిన్న పిడి ఉంది. కింద ఏవో గీతలు చెక్కి ఉన్నాయి.

"అబ్బా, యే క్యా హై? పూల డిజైనా?" అంది.

పువ్వు కాదు. అది మా దాదా ముహర్. చుట్టుపక్కల పల్లెల్లో నాయబ్ ఖాజీగా నికాహ్‌లు చదివించిన మనిషి ఆయన. సియాహా రాసి, గవాహ్‌ల దస్తఖత్‌లు తీసుకుని, చివరన ఈ ముహర్ వేసేవాడు. మా అన్న కొట్లోంచి స్టాంపు ప్యాడు తెప్పించి, ముహర్‌ని చింతపండుతో తోమి, తుడిచి, కాగితం మీద ఒత్తాను. పై వరసలో 'ఖాదిమ్-ఎ-షరా', మధ్యలో దాదా పేరు, కింద హిజ్రీ 1343. అంటే 1924 ఆగస్టుకీ 1925 జూలైకీ మధ్య ఎప్పుడో చెక్కించుకున్నాడన్నమాట.

నేను ఉర్దూ మీడియం బడిలో చదివినవాణ్ని కాబట్టి చదవగలిగాను. మా అన్న పిల్లలు ముగ్గురు, నా పిల్లలు ఇద్దరు. అయిదుగురూ ఖురాన్ నాజిరా చదువుతారు, అరబీ హర్ఫ్‌లు గుర్తుపడతారు. కానీ ఆ చిన్న బిళ్లలో నస్తాలీఖ్ వంపులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చునేసరికి ఒక్కరికీ నోరు పెగల్లేదు. ముత్తాత పేరు అరచేతిలో పెట్టుకుని పూల డిజైన్ అనుకున్నారు. కసూర్ వాళ్లది కాదు. తెలుగులో డిగ్రీ చేసి, తెలుగులో వార్తలు రాసి బతుకుతున్న నేను, ఉర్దూ ఎక్కడికి పోతుందిలే అనుకుంటూ ఇన్నేళ్లు గడిపేశాను. ఆ సెలవులన్నీ మేం ముహర్‌ల మీదే గడిపాం. ఆ కథే ఇది.

ముహర్ అనగానే మన ఇళ్లలో ముందుగా గుర్తు రావలసింది రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం వారి ఉంగరం. బయటి దేశాల బాద్‌షాహ్‌లకు ఖత్‌లు పంపాలనుకున్నప్పుడు, ముహర్ లేని ఖత్‌ని వాళ్లు చదవరని సహాబాలు చెప్పారు. అప్పుడు వెండి ఉంగరం చేయించి, దాని మీద మూడు వరసల్లో 'ముహమ్మద్', 'రసూల్', 'అల్లాహ్' అని చెక్కించారు. అదే నక్ష్ ఇంకెవరూ తమ ఉంగరం మీద చెక్కించుకోవద్దని కూడా చెప్పారు. ఆ మాట వెనక హిక్మత్ చూడండి. ముహర్ అలంకారం కాదు, ఒక మనిషి జబాన్. ఒకరి జబాన్ ఇంకొకరి చేతికి పోకూడదు.

వారి తర్వాత ఆ ఉంగరం హజ్రత్ అబూబకర్, తర్వాత హజ్రత్ ఉమర్, తర్వాత హజ్రత్ ఉస్మాన్ రజియల్లాహు అన్‌హుమ్ వేలికి చేరింది. ఒకరోజు హజ్రత్ ఉస్మాన్ అరీస్ బావి దగ్గర కూర్చుని ఉండగా అది జారి బావిలో పడిపోయింది. మూడు రోజులు వెతికారు, నీళ్లన్నీ తోడించారు, దొరకలేదు. ఈ వాకియా చెప్పినప్పుడు మా పిల్లల చూపులన్నీ గోనెసంచి వైపు తిరిగాయి. భాభీ నవ్వేసి, "సరే, మీ ముహర్ మీరే ఉంచుకోండి, నాకు చెంబులు చాలు" అంది.

ముహర్ చెక్కే ఉస్తాద్‌ని పార్సీలో ముహర్‌కన్ అంటారు. అక్బర్ దర్బార్‌లో వీళ్లకి ఎంత ఇజ్జత్ ఉండేదో అబుల్ ఫజల్ 'ఆయీన్-ఎ-అక్బరీ'లో రాశాడు. మౌలానా మఖ్సూద్ అనే ముహర్‌కన్ ఉక్కు మీద గుండ్రంగా, రిఖా ఖత్‌లో, బాద్‌షాహ్ పేరుతో పాటు తైమూర్ దాకా పూర్వీకులందరి పేర్లూ చెక్కాడట. తర్వాత నస్తాలీఖ్‌లో బాద్‌షాహ్ పేరు ఒక్కటే పెట్టి ఇంకొకటి చేశాడు. న్యాయ వ్యవహారాలకు మెహరాబు ఆకారంలో వేరే ముహర్. జనానా వ్యవహారాలకు ఇంకొకటి. 'ఉజుక్' అనే చిన్న గుండ్రటి ముహర్ కొన్ని రకాల ఫర్మానులకు. పెద్దది మొదట్లో విదేశీ బాద్‌షాహ్‌ల ఖత్‌ల కోసమే. ఢిల్లీకి చెందిన మౌలానా అలీ అహ్మద్ ఆ పనితనాన్ని ఇంకా పైకి తీసుకెళ్లాడు. ముహర్ ఆకారం చూస్తే కాగితం ఏ దఫ్తర్ నుంచి వచ్చిందో తెలిసిపోయేది. అందులో చెక్కిన హిజ్రీ సాలు ఈరోజుకీ తారీఖ్ రాసేవాళ్లకి దారి చూపిస్తోంది.

మన ఇలాకాలో కూడా ఈ హునర్ పరాయిది కాదు. ముద్రల మాట మనకంటే చాలా ముందే ఇక్కడ ఉంది. అద్దంకి అంటే తెలుగు చదివినవాళ్లందరికీ పండరంగని శాసనం గుర్తొస్తుంది. 848 ప్రాంతంలో, తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పేరు మీద రాతిలో తరువోజ పద్యం చెక్కారు. ఆ చాళుక్యుల రాగి శాసనాలకు కడియం, దానికి ముద్ర ఉండేవి. ముద్ర మీద వరాహం, 'శ్రీ త్రిభువనాంకుశ' అన్న అక్షరాలు. తర్వాత గోల్కొండ కుతుబ్‌షాహీల కాలం వచ్చింది. వాళ్ల చివరి రోజుల ఫర్మానులు కొన్నింటిలో పార్సీ కింద తెలుగు కూడా కనిపిస్తుంది. పైన బాద్‌షాహ్ ముహర్, కింద రెండు జబాన్‌లు. 1788లో గుంటూరు సర్కారు కుంపిణీ చేతికి పోయింది. రాజ్యం మారినా మాటలు ఉండిపోయాయి. మన కరణాలు దస్కతు అన్నా, సన్నదు అన్నా, దస్తావేజు అన్నా, మొహరు అన్నా అవి ఆ దఫ్తర్‌ల నుంచి తెలుగులోకి నడిచొచ్చినవే.

1880లో ఖాజీల చట్టం వచ్చింది. మొదట అమలయ్యింది మన మద్రాసు ప్రెసిడెన్సీలోనే. సర్కారు ఖాజీని నియమించవచ్చు, ఖాజీ తనకు నాయబ్‌లను పెట్టుకోవచ్చు. నికాహ్‌కి ఖాజీ తప్పనిసరి కాదని కూడా ఆ చట్టంలోనే ఉంది. అయినా పల్లెల్లో జనం నాయబ్ కోసం ఎదురుచూసేవాళ్లు. ఎందుకంటే సియాహాలో మెహర్ ఎంతో రాసి ఉంటుంది. రేపు మొగుడు పోయినా, వదిలేసినా, చదువు రాని ఆడకూతురికి ఆ కాగితమే దలీల్. దాని మీద దాదా ముహర్ పడిందంటే ఆ మాటకి ఆయన జవాబ్‌దారీ. మెహర్ అంకె రాయకుండా ఖాళీ వదిలిన కాగితం మీద దాదా ముహర్ వేసేవాడు కాదని మా అమ్మీ చెప్పింది. పెళ్లిపెద్దలు అలిగినా సరే, ముహర్‌ని కమీజు జేబులోంచి తీసేవాడు కాదట.

మరి ఇందులో ఆట ఎక్కడిది? అది ఇంగ్లండ్ నుంచి వచ్చింది. అక్కడ డార్ట్‌మూర్ అని పెద్ద బీడు ప్రాంతం ఉంది. 1854లో జేమ్స్ పెరట్ అనే దారి చూపించే మనిషి, క్రాన్‌మియర్ పూల్ అనే చోట ఒక సీసా దాచాడు. అక్కడిదాకా నడవడమే కష్టం. చేరినవాళ్లు తమ పేరు కార్డు అందులో వేసి వచ్చేవాళ్లు. పోనుపోను తమ అడ్రసు రాసిన పోస్టుకార్డులు వదలడం మొదలుపెట్టారు. తర్వాత వచ్చినవాళ్లు వాటిని తీసుకెళ్లి పోస్టు చేసేవాళ్లు. అందుకే దానికి లెటర్‌బాక్స్ అని పేరు. 1905లో అక్కడ సంతకాల పుస్తకం పెట్టారు, 1907లో రబ్బరు ముద్ర వచ్చింది. 1998లో స్మిత్‌సోనియన్ పత్రికలో దీని మీద వ్యాసం వచ్చాక అమెరికాలోనూ పాకింది.

ఆట పద్ధతి ఇది. ఒకరు డబ్బాలో చేత్తో చెక్కిన ముద్ర, ఒక చిన్న పుస్తకం పెట్టి ఎక్కడో దాస్తారు. దారి చెప్పే పొడుపుకథ రాస్తారు. వెతికేవాళ్ల దగ్గర తమ సొంత ముద్ర, సొంత పుస్తకం ఉంటాయి. డబ్బా దొరికితే అందులోని ముద్రని తమ పుస్తకంలో వేసుకుంటారు, తమ ముద్రని డబ్బా పుస్తకంలో వేస్తారు. తర్వాత డబ్బాని ఎలా ఉందో అలాగే దాచేస్తారు. పందెం లేదు, ఇనాం లేదు. వచ్చాను అనడానికి గవాహీ మాత్రమే. తమాషా ఏమిటంటే, మన దేశమంతటికీ పోస్టు స్టాంపులు వచ్చింది కూడా ఆ 1854లోనే, అక్టోబరులో.

ఇది చెప్పగానే పిల్లలు చెక్కుతామని కూర్చున్నారు. మన ఊళ్లలో ప్రతి పిల్లకీ మొదటి ముద్ర బెండకాయే కదా. అడ్డంగా కోసి సిరాలో ముంచితే పువ్వు పడుతుంది. అక్కడి నుంచి బంగాళాదుంపకి, తర్వాత రబ్బరుకి వచ్చాం. పెన్సిల్ గీతలు చెరిపే పెద్ద రబ్బరు చాలు. బ్లేడు పని పెద్దవాళ్లు పక్కన ఉండి చేయించాలి. పల్చటి కాగితం మీద మెత్తటి పెన్సిల్‌తో పేరు రాసి, రబ్బరు మీద బోర్లించి వెనక గోటితో రుద్దితే అక్షరం దానంతట అదే తిరగబడి దిగుతుంది. ఆ తర్వాత అక్షరాన్ని వదిలి చుట్టూ ఉన్నది తీసేయాలి. పెడనలో కలంకారీ అచ్చులు టేకు చెక్క మీద చెక్కేవాళ్లది కూడా ఇదే పద్ధతి. రంగు అంటవలసిన చోటు పైకి నిలబడుతుంది. దాదా ముహర్ దీనికి ఉల్టా. అందులో అక్షరం లోపలికి ఉంది. అందుకే ఒత్తితే నేల నల్లగా, పేరు తెల్లగా వస్తుంది.

నూర్‌కి ఓపిక తక్కువ. కాగితం గోల లేకుండా నేరుగా రబ్బరు మీద తన పేరు ఉర్దూలో చెక్కేసింది. నూన్, వావ్, రే. ఒత్తి చూస్తే పేరు తిరగబడింది. ఏడుపు మొహం పెట్టింది. అప్పుడు దాదా ముహర్‌ని, దాని ముద్రని పక్కపక్కన పెట్టి చూపించాను. కాగితం మీద ఉర్దూ కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. ముహర్ మీద మాత్రం ఎడమ నుంచి కుడికి, అచ్చం తెలుగులాగా. తెలుగు పేరు చెక్కాలంటే కుడి నుంచి ఎడమకి, అచ్చం ఉర్దూలాగా పోవాలి. నా ఉమ్రంతా రెండు బడుల మధ్య తిరిగినవాణ్ని, ఈ సంగతి నాకూ ఆరోజే తట్టింది.

తర్వాత నాలుగు రబ్బర్లు పాడయ్యాయి. నూన్‌ని వావ్‌తో కలపాలని, వావ్ తర్వాత రే విడిగా ఉండాలని, నూన్ మీది నుఖ్తా ఊడిపోకుండా చుట్టూ తవ్వాలని నూర్ చేత్తో నేర్చుకుంది. పలక మీద వందసార్లు రాయించినా రాని జ్ఞానం అది. చెక్కేటప్పుడు ప్రతి వంపు దగ్గరా ఆగి, ఇది ఎందుకిలా తిరిగింది అని అడగక తప్పదు. అయిదో రబ్బరు మీద నూర్ నిలబడింది. వాళ్ల అన్నయ్య తన పేరు తెలుగులో చెక్కుకున్నాడు. మా అన్న కొడుకు ఒక మిరపకాయ చెక్కాడు, ఈ నేల మీద పుట్టిన పిల్లవాడు మరి.

డబ్బా కోసం మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా తీసుకున్నాం. మొదటిసారి గుండ్లకమ్మ ఒడ్డున చెట్టు మొదట్లో దాచాం. రెండు రోజులకే మాయమైంది. స్టీలు డబ్బా కదా, ఎవరికి అక్కరకొచ్చిందో. రెండోసారి అన్న పొలంలో మోటారు గది వెనక, ఇటుకల మధ్య ప్లాస్టిక్ డబ్బా పెట్టాం. ఊళ్లో ఉన్న బంధువుల పిల్లలకి పొడుపుకథ రాసి పంపాం. ఒకటే షరతు. డబ్బా పుస్తకంలో వేసే ముద్రలో ఒక్క హర్ఫ్ అయినా ఉర్దూలో ఉండాలి. ఇప్పటికి పదకొండు ముద్రలు పడ్డాయి. రెండు తిరగబడి ఉన్నాయి. వాటిని తీసేయలేదు, పక్కన తారీఖ్ వేసి ఉంచాం.

అసలు ముహర్ ఇప్పుడు అమ్మీ పెట్టెలో, దాదా సియాహా పుస్తకంతో పాటు ఉంది. తిరిగి వచ్చే ముందు రోజు నూర్ ఆ పుస్తకం తెరిచింది. వేలు పెట్టి, ఒక్కో హర్ఫ్ కూడబలుక్కుని, ఖాదిమ్ అన్న మాట దాకా చదివింది. తర్వాతి మాట దగ్గర ఆగి నా వైపు చూసింది. నేను చెప్పలేదు. షీన్ దగ్గర మొదలుపెట్టమన్నాను.

మీ ఇళ్లలో కూడా అటకల మీద ఇలాంటి బిళ్లలు ఉంటాయి. తూకానికి వేసే ముందు ఒకసారి తోమి, కాగితం మీద ఒత్తి చూడండి. చదవడం రాకపోతే ఊళ్లో ఉర్దూ వచ్చిన బుజుర్గ్ ఎవరికైనా చూపించండి. వాళ్లు ఉండగానే చూపించండి.