ఫుప్పు బీమారీ వేరు, చాచా బీమారీ వేరు

మా దాదా వరంగల్ ఆజంజాహీ మిల్లులో పనిచేసేవారు. మండి బజారు వెనక గల్లీలో మా ఇల్లు. నా బచ్‌పన్‌లో ఆ ఇంట్లో ఇద్దరు బీమారుగా ఉండేవారు. ఒకరు మా ఫుప్పు, ఇంకొకరు మా ఛోటే చాచా. ఇద్దరి బీమారీకీ ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు ఒక్కటే: ఆసేబ్. ఇద్దరికీ ఒకే తావీజు, ఒకే దమ్ చేసిన నీళ్ళు. ఆ రెండూ వేరువేరు బీమారీలని తెలిసేలోపు చాచా జిందగీలో చాలా ఏళ్ళు చేజారిపోయాయి. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

రిష్తా మాట వచ్చినప్పుడల్లా ఫుప్పు పడిపోయేది. దవడలు బిగుసుకునేవి, వేళ్ళు కొంకర్లు పోయేవి. దాదీమా పరుగున వచ్చి తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టేది, ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పట్టేది. పొరుగింటి ఖాలాలు చేరి, "షాదీ చేసేయండి ఆపా, అన్నీ సర్దుకుంటాయి" అనేవారు. వాళ్ళు వెళ్ళాక ఇంట్లోనే ఎవరో ఒకరు "అంతా నఖ్రా" అని గొణిగేవారు.

చాచా సంగతి వేరు. ఆయన పడిపోలేదు, అరవలేదు. మూల కూర్చుని గోడవైపు చూస్తూ ఎవరికో మెల్లగా జవాబు చెప్పేవాడు. అడిగితే, "పిలుస్తున్నారు కదా, మీకు వినబడట్లేదా?" అని మమ్మల్నే వింతగా చూసేవాడు. ఆయనతో ఎవరికీ గొడవ లేదు కాబట్టి ఎవరికీ ఫికర్ లేదు. కొందరైతే పహుంచా హువా మనిషి అని ఇజ్జత్ కూడా ఇచ్చారు.

పెద్దయ్యాక ఈ బీమారీల తారీఖ్ చదువుతుంటే దాదీమా చేతిలోని ఆ ఉల్లిగడ్డ నాకు మళ్ళీ కనిపించింది. హిస్టీరియా అన్న మాట గ్రీకు భాషలో గర్భసంచికి ఉన్న పేరు నుంచి పుట్టింది. గర్భసంచి తన జాగా వదిలి పైకి కదలడం వల్లే ఆడవాళ్ళకు ఊపిరాడక మూర్ఛ వస్తుందని ఆనాటి యూనాన్ హకీములు నమ్మారు. ముక్కు దగ్గర చెడువాసన పెడితే అది కిందికి దిగుతుందన్నారు. పెళ్ళి చేస్తే కుదురుతుందన్నారు. అంటే మా గల్లీ ఖాలాలు చెప్పిన ఇలాజ్ రెండువేల ఏళ్ళ నాటిదే!

ఈ ఇల్మ్ గ్రీకు నుంచి అరబీలోకి వచ్చింది. మన తిబ్బీ కితాబుల్లో దీని పేరు ఇఖ్తినాక్-ఉర్-రహమ్, అంటే గర్భసంచి ఊపిరాడకపోవడం. ఇబ్నె సీనా (980-1037) తన 'అల్ ఖానూన్'లో దీన్ని మిర్గీ నుంచి, అంటే అసలు మూర్ఛరోగం నుంచి, వేరుచేసి చూపించాడు. కారణం విషయంలో పాత నమ్మకమే ఆయనదీ. కానీ చూడటానికి ఒకేలా ఉన్న రెండు బీమారీలను వేరుచేసి చూడాలన్న ఆ నజర్ గొప్పది. మా ఇంట్లో లేనిది అదే.

17వ శతాబ్దంలో ఇంగ్లండు డాక్టర్ సిడెన్‌హామ్ ఇది మగవాళ్ళకూ వస్తుందన్నాడు. 19వ శతాబ్దం చివర్లో పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆస్పత్రిలో షార్కో మగ మరీజులనూ చూపించి అదే రుజువు చేశాడు. గర్భసంచి కథ అక్కడికి ఖతం. 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్‌లు హిస్టీరియా మీద తెచ్చిన కితాబులో, నోటితో చెప్పుకోలేని దుఃఖం ఒంటితో బయటపడుతుందన్నారు. 1980లో అమెరికా మానసిక వైద్యులు తమ జాబితాలోంచి ఆ పేరునే తీసేశారు. ఇప్పుడు డాక్టర్లు కన్వర్షన్ అనీ, డిసోసియేషన్ అనీ అంటున్నారు. పేరు మారినా తక్లీఫ్ నిజమే. ఆ మనిషి నాటకం ఆడటం లేదు. కాలు కదలదు, గొంతు పెగలదు, ఒళ్ళు కొట్టుకుంటుంది, అదేదీ తను కావాలని చేసేది కాదు.

ఇక చాచాది హాల్యూసినేషన్. 19వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్ డాక్టర్ ఎస్కిరోల్ దీనికి స్పష్టమైన అర్థం చెప్పాడు: బయట ఏమీ లేకుండానే మనిషికి నిజంగా వినబడటం, కనబడటం. వహమ్ మళ్ళీ వేరు. నిజామీ అరూజీ 'చహార్ మఖాలా'లో ఒక కథ ఉంది. తాను ఆవునని నమ్మి, నన్ను కోయండని పట్టుబట్టిన షహజాదాకు ఇబ్నె సీనా ఇలాజ్ చేసిన కథ అది. ఆ షహజాదాది తప్పుడు నమ్మకం. చాచాది నమ్మకం ఒక్కటే కాదు, ఆయన చెవులకు ఆవాజ్ వినిపించేది.

తేడా సాదాగా చెప్తాను. హిస్టీరియాలో మనసు మీది బోజ్ ఒంట్లో బయటపడుతుంది. అది తరచుగా ఏదో ఒక ఒత్తిడి వెంట వస్తుంది, పోతుంది. హాల్యూసినేషన్‌లో లేని వాటి ఖబర్‌ను కళ్ళు, చెవులు తెస్తాయి. ఎవరూ చూడని అర్ధరాత్రి కూడా తెస్తాయి. అయితే గుర్తుంచుకోండి: తీవ్రమైన జ్వరంలోనూ, నిద్రపట్టే వేళా, అయినవాళ్ళు పోయిన గమ్‌లోనూ ఇలా జరగొచ్చు. అంతమాత్రాన పిచ్చి కాదు. ఒక్కోసారి రెండు బీమారీలూ కలిసి కనిపిస్తాయి కూడా. మూర్ఛ అసలుదా కాదా అన్నదీ పరీక్ష చేయాల్సిందే. ఫైసలా డాక్టర్‌ది, మనది కాదు.

ఫుప్పును చివరికి ఒక లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆమె అందరినీ బయటికి పంపి ఫుప్పుతో ఒంటరిగా మాట్లాడింది. టీచర్ ట్రైనింగ్ పూర్తి చేయాలని ఫుప్పు కోరిక. ఆ మాట దాదాకు చెప్పే హిమ్మత్ లేదు. దాదా మూడురోజులు మౌనంగా ఉండి, తర్వాత ఫీజు కట్టారు. పడిపోవడం ఒక్కరోజులో ఆగలేదు, మెల్లమెల్లగా తగ్గింది.

చాచాకు మాటలతో కుదిరేది కాదు, గోలీ కావాలి. ఆవాజులను తగ్గించే మొదటి మందు 1952లోనే పారిస్‌లో వాడకంలోకి వచ్చింది. మా ఇంటికి నాలుగడుగుల దూరంలో ఎం.జి.ఎం. ఆస్పత్రి ఉంది. అయినా మేము ఏళ్ళ తరబడి ఆ గడప తొక్కలేదు. ఖుసూర్ ఎవరిదో కాదు, మాదే.

దర్గాలకు వెళ్ళొద్దని నేను అనను. కాజీపేటలో 1856లో పర్దా చేసిన హజ్రత్ అఫ్జల్ బియాబానీ దర్గాకు మా ఇంటిల్లిపాదీ ఉర్సుకు వెళ్తాం. అక్కడ దిల్‌కు సుకూన్ దొరుకుతుంది. కానీ సుకూన్ కోసం వెళ్ళడం వేరు, మరీజును గొలుసులతో కట్టి వదిలేయడం వేరు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు వచ్చినవాళ్ళను ఉంచే ఒక ప్రైవేటు హోంకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్న మరీజులు పారిపోలేక 28 మంది కాలిపోయారు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది.

ఒంటికి బీమారీ వచ్చినట్టే నఫ్స్‌కూ వస్తుందని, రెండింటికీ ఇలాజ్ కావాలని 10వ శతాబ్దంలోనే అబూ జైద్ అల్ బల్ఖీ రాశాడు. 1154లో డమాస్కస్‌లో కట్టిన నూరీ బీమారిస్తాన్‌లో మనసు చెదిరినవారికీ ఇలాజ్ ఉండేది. ఆ విరాసత్ మనదని ఫఖ్ర్‌గా చెప్పుకునే మనం, ఇంట్లో మూల కూర్చున్న మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి షరమ్ పడుతున్నాం. ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే సర్కారీ టెలి మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి.

చాచా ఇప్పుడు ఇషా తర్వాత గోలీ వేసుకుంటాడు. ఆవాజులు పూర్తిగా పోలేదు, దూరం జరిగాయి. మొన్న నాతో, "ఇంత సన్నాటా ఉంటుందని నాకు తెలీదు బేటా, ముందే ఎందుకు తీసుకుపోలేదు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మీ ఇంట్లో ఎవరూ మిమ్మల్ని ఆ సవాల్ అడగకూడదని నా దువా.